భూమన్న పలక

ఆ తాటిచెట్టు ఎంత ఎత్తని అడిగితే నేను చెప్పే లెక్క ఏటేటా పెరుగుతోంది. మొదట్లో అరవై అడుగులన్నాను. నిరుడు మనవరాలికి చెప్పినప్పుడు తొంభై అయింది. పైకెక్కితే ఆదిలాబాద్ మిల్లుల్లో ఎగిరే దూది కూడా కనిపిస్తుందన్నాను. కరీంనగర్ కాన్వెంటులో సిస్టర్లు నా అబద్ధాలకు స్కేలుతో కొట్టేవారు. స్కేలు గుర్తుంది, మిగతాది మరిచిపోయాను.

ధర్మపురికి ఇవతల, గోదావరి వైపు దిగే మట్టిబాట పక్కన రెండు రేకుల షెడ్లు, ఒక ప్రార్థన గది, కూరగాయల మడి ఉంటాయి. బోర్డు మీద 'నిరీక్షణ గృహం' అని రాసి ఉంటుంది. ఊళ్లోవాళ్లు 'తాగుబోతుల బడి' అంటారు. అక్కడ పద్దెనిమిది మంచాలు. బొగ్గుబావి కార్మికులు, సాంచాలు నడిపే నేతవాళ్లు, డ్రైవర్లు ఆరేడు నెలలు అక్కడే ఉండి తాగుడు మానే ప్రయత్నం చేస్తారు. నడిపేది శ్యాంసుందర్. ఒకప్పుడు అతనూ తాగి మురికికాలువలో పడ్డవాడే. గేటుకు తాళం వెయ్యడు. పోవాలనుకున్నవాణ్ణి తాళం ఆపదంటాడు. నేను ఐతారం ఐతారం వెళ్లి హార్మోనియం వాయించి, చదువు రానివాళ్లకు అక్షరాలు దిద్దించేవాణ్ణి.

అక్కడ ప్రతి మంచం తల వైపు ఒక బడిపలక వేలాడుతుంది. తాగకుండా ఎన్ని రోజులైందో పొద్దున ప్రార్థన కాగానే ఎవరి పలక మీద వాళ్లే రాసుకోవాలి. ఒక్క చుక్క పడినా అంకె తుడిచి ఒకటి నుంచి మొదలుపెట్టాలి. తుడిచేది కూడా వాళ్లే. ఇంకొకరు ముట్టుకోకూడదు.

భూమన్న తాటిచెట్లెక్కే మనిషి. ముప్పై ఏళ్లు కల్లు గీశాడు. అమ్మినదానికంటే తాగింది ఎక్కువై, చివరకు కల్లు చాలక గుడుంబాకు దిగాడు. అంకెలు రాయడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఎనిమిదిని రెండు లొట్లు, అంటే కల్లు కుండలు, ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు రాసేవాడు. నేను కోప్పడితే, "నాకు ఎర్కైన రూపం అదే సారూ" అని నవ్వేవాడు.

అతని భార్య ఎల్లక్క ఒక్క మాట చెప్పి అతణ్ణి అక్కడ దింపింది. "నూట ఎనభై దినాలు కానియ్యి. నేనే వచ్చి తోల్కపోత. నడుమ తాగితే నా గడప తొక్కకు." తాగుడు కన్నా ఆమెను ఎక్కువ విసిగించింది అతని ఒట్లు. నోరు గుప్పున వాసన కొడుతున్నా కొడుకు తల మీద చెయ్యిపెట్టి "తాగలే" అనేవాడట. ఒకసారి ఆ పిల్లవాడే తల పక్కకు తీసుకున్నాడట.

నూట ఎనభయ్యో రోజు ఐతారం పడింది. భూమన్న పొద్దున్నే పలక మీద అంకె వేసి, గడ్డం గీసుకుని, సంచి సర్దుకుని కూర్చున్నాడు. ఎల్లక్క పదకొండు గంటల బస్సుకు వస్తుంది.

పది దాటాక, ఐతారం పెద్ద ప్రార్థన మధ్యలో బయట కేక వినబడింది.

"ఆయీ! చచ్చిపోతున్న! ఓ అన్నా!"

అందరం ఉరికాం. కంచె అవతలి తాటిచెట్టు మీద, కమ్మల మొదళ్లను కావలించుకుని నిరంజన్ వేలాడుతున్నాడు. ఆదిలాబాద్‌లో పత్తిమిల్లులో పనిచేసేవాడు, ఇక్కడ కొత్తగా చేరాడు. మత్తుమందు కలిపిన కల్లు తాగీ తాగీ, అది లేక తొమ్మిది రోజులుగా కంటిమీద కునుకు లేక పిచ్చిపట్టినట్టు తిరుగుతున్నాడు. ఆ చెట్టు గీసే మనిషి చెట్టెక్కే తాడు, మోకు, కిందే వదిలి పక్క తాటివనానికి పోయాడు. నిరంజన్ ఆ మోకు నడుముకు కట్టుకుని, లొట్ల మీద ఆశతో ఎలాగో పైదాకా పాకాడు. అక్కడ లొట్టి అందకముందే, కమ్మ పట్టుకోబోతే మోకు ఊడి కింద పడిపోయింది.

శ్యాంసుందర్ ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు. గంట పడుతుందన్నారు.

"గంటసేపు వాని చేతులు ఆగుతయా అన్నా?" అంటూ భూమన్న అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. కింద పడ్డ మోకు తీసి ముడి గుంజి చూశాడు. బావి చేంతాడు భుజాన వేసుకున్నాడు.

శ్యాంసుందర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "పైన లొట్లున్నయే భూమన్నా."

"నాకు తెల్వదా? వాసన గీడిదాక వస్తున్నది."

మోకు చెట్టుకు చుట్టి ఎక్కాడు. సగం దాకా వెళ్లాక ఆగాడు. సరిగ్గా అప్పుడే నా వెనక గొంతు వినబడింది.

"సారూ, చెట్టు మీద ఎవరది?"

ఎల్లక్క. చేతిలో టిఫిన్ సంచి.

"ఎవడో కల్లు గీసెటోడమ్మా. నీ మనిషి లోపల సంచి సర్దుకుంటుండు," అన్నాను.

ఆమె పైకే చూస్తోంది. "గా కాలు మడత పెట్టుడు నాకు తెల్వదా? ఊకో సారూ."

భూమన్న మళ్లీ కదిలాడు. పైనుంచి మాటలు వినవచ్చాయి.

"కిందికి సూడకురా. నా మొఖం సూడు. గింత గలీజు మొఖం ఎన్నడన్న జూసినవా?"

"లేదన్నా," అన్నాడు నిరంజన్ ఏడుస్తూనే.

అతని చంకల కింద చేంతాడు కట్టి, రెండో కొసను కమ్మ మొదలు మీదుగా కిందికి వదిలాడు భూమన్న. ఆ కొస మేం ఆరుగురం పట్టుకున్నాం. తాడు బిగిసింది. దిగేటప్పుడు నిరంజన్ కాలు తగిలి ఒక లొట్టి పగిలింది. కల్లు భూమన్న తల మీద నుంచి కారింది. నిరంజన్‌ను జానెడు జానెడుగా దించాం. మన్ను తగలగానే వాడు బోర్లా పడి వాంతి చేసుకున్నాడు.

పైన ఇక భూమన్న ఒక్కడే. దిగడం లేదు. కమ్మల చాటున అరికాళ్లు తప్ప ఏమీ కనబడడం లేదు.

"భూమన్నా, దిగు!" అని పిలిచాడు శ్యాంసుందర్. ఎవరో సన్నగా ప్రార్థన పాట ఎత్తుకున్నారు. ఒక చరణం అయింది. రెండో చరణం అయింది. ఎల్లక్క సంచి పట్టుకున్న పిడికిలి తెల్లబడింది.

మూడో చరణంలో మోకు కిర్రుమంది.

కింద కాలు పెట్టగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఒళ్లంతా కల్లు వాసన. శ్యాంసుందర్ గబగబా అన్నాడు, "లొట్టి పల్గి మీద పడ్డది. అందరం జూసినం. లెక్కల రాదు."

భూమన్న తడిసిన చొక్కా విప్పి అక్కడే పడేశాడు. ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి నడిచాడు. మేం వెంట వెళ్లాం. మంచం దగ్గర పలక తీశాడు. దాని మీద నూట ఎనభై. అరచేత్తో తుడిచాడు. బలపం పట్టుకుని ఒకటి వేశాడు.

"మీద పడ్డదానికి గాదు," అన్నాడు. "వాడు దిగినంక ఇంకో లొట్టి నోటికాడనే ఉండె. ఒక్క గుక్క. ఉమ్మేద్దమనుకున్న. మింగిన."

ఎల్లక్క వాకిట్లో ఉంది. అతను ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు పో ఎల్లా. నీ మాట నాకు యాదికున్నది."

ఆమె లోపలికి వచ్చి పలక వంక చూసింది. తర్వాత అతని వంక.

"గిన్నేండ్లల్ల తాగిన అని నీ నోటితోని చెప్పుడు గిదే మొదలు," అంది.

కూర్చుని టిఫిన్ విప్పింది. సర్వపిండి తెచ్చింది. ఒక ముక్క తుంచి అతని చేతిలో పెట్టింది. ఇంటికి రమ్మని మాత్రం అనలేదు. బస్సుకు వెళ్లేటప్పుడు, "ఐతారం పోరణ్ణి పట్కొస్త. వానికి గూడ నువ్వే చెప్పు," అంది.

భూమన్న సర్దిన సంచి విప్పి, బట్టలు మళ్లీ దండెం మీద వేసుకున్నాడు. ఆ రాత్రి నుంచి నిరంజన్ మంచం అతని పక్కనే. మర్నాడు పొద్దున ఇద్దరూ రాసుకున్నారు: ఒకడు రెండు, ఇంకొకడు పది. "నాకన్న సీనియర్‌వి అయినవురా," అని భూమన్న వాణ్ణి ఆటపట్టించాడు.

ఇక చెట్టు సంగతి. వచ్చే ఏడు దాన్ని నూటపది అడుగులు చేస్తాను, ఎవరేమన్నా సరే. గుక్క మాత్రం ఒక్కటే. దాన్ని పెంచను, తగ్గించను.