అన్నం తిన్న దెయ్యం

కరోనా తగ్గి హాళ్లు మళ్లీ తెరిచిన ఏడాది. శ్రీకాకుళంలో నేను ఆపరేటర్‌గా పనిచేసే థియేటర్‌కి మార్నింగ్ షోలో పదిమంది వస్తే గొప్ప. అలాంటప్పుడు ఎచ్చెర్ల యూనివర్సిటీలో పాఠాలు చెప్పే సునీత అనే అమ్మాయి ఒక విదేశీ దెయ్యం సినిమా పట్టుకొచ్చింది. డబ్బింగ్ లేదు, కింద ఇంగ్లీషు అక్షరాలే.

మా యజమాని షరతు పెట్టాడు. "జనం ఆఖరిదాకా కూకుంటే నెలకో ఆట ఇస్తానమ్మా. మజ్జిలో లేసిపోనారా, ఇదే ఆఖరు."

హాలు నిండాలని ఆమె తన విద్యార్థులతో పాటు మా వీధివాళ్లందరినీ ఉచితంగా పిలిచింది. గేటు ముందు ఎండుచేపలమ్మే సింహాలమ్మ ముందు వరసలో కూర్చుంది.

దెయ్యం సినిమాలంటే నాకు ఒళ్లు మంట. నలభై ఏళ్లుగా వేస్తున్నాను కదా! తెల్లచీర, గజ్జెల చప్పుడు, ఉత్తపుణ్యానికి దూకే పిల్లి, చివర్లో మంత్రగాడు. వాటిలో భయమంతా నా చేతిలోనే ఉండేది. ఫేడర్ అంటాం, హాల్లో శబ్దం పెంచే తగ్గించే మర. మామూలుగా ఐదు మీద ఉంటుంది. దెయ్యం వచ్చే ముందు ఏడుకి తిప్పేవాణ్ణి. జనం కెవ్వుమనేవారు, పేరు దర్శకుడికి! జడిపించడమే కళ అయితే చెవి పక్కన టపాకాయ పేల్చినవాడూ కళాకారుడే.

"బాబాయ్ గారూ, ఫేడర్ ముట్టుకోకండి," అంది సునీత.

"దెయ్యం వచ్చినప్పుడో?"

"అప్పుడు అసలే వద్దు."

ఆట మొదలైంది. వేటకెళ్లి సముద్రంలో మునిగిపోయిన జాలరి ఇంటికి తిరిగొస్తాడు. ఒళ్లంతా నీళ్లోడుతోంది. పెళ్లాం అరవదు. చాప పరిచి, గిన్నెలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంటుంది. మాట లేదు, సంగీతం లేదు. నిమిషం దాటింది.

"సౌండు పోయినాదిరా! ఒరే ఆపరేటరూ, తొంగున్నావేటి?"

వెనక వరసల్లోంచి కేకలు, ఈలలు. ముగ్గురు లేచారు. తలుపు దగ్గర యజమాని తల కనిపించింది. సునీత నా గది కిటికీ వైపు తిరిగి వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. పాత అలవాటు ఊరుకుంటుందా? ఎనిమిదికి తిప్పేశాను.

హాలంతా వినిపించింది ఒక్కటే, ఆ మనిషి మెతుకులు నమిలే చప్పుడు.

సింహాలమ్మ లేచి వెనక్కి తిరిగింది. "నోర్ముయ్యండ్రా! ఆడు అన్నం తింతన్నాడు, సూళ్లేదా? తిన్నీండి!"

లేచినవాళ్లు కూర్చున్నారు. నేను మర మెల్లగా ఐదుకి దించాను. ఆ తరవాత ఆఖరిదాకా ఒక్క ఈల లేదు. ఒక్క సీటూ ఖాళీ కాలేదు.

బయట యజమాని సునీతని అడుగుతున్నాడు, "వొచ్చీ నెల ఏటి సినిమా?" అని. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నేను సింహాలమ్మని అడిగాను. "నీకు ఆ బాస తెలిసిందేటే?"

"ఏటి బాస మావా? ఆడు తినీదాకా పెళ్లాం ఏడుపు ఆపుకున్నాది. సాల్దా?"

నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. పెద్దలకు పెట్టుకునే మన సినిమావాళ్లలో ఒక్కరికీ తట్టని సంగతి ఎక్కడో పరాయి దేశంవాడికి తట్టిందే! వాడికి రెండు చేతులా దండం. మన సినిమాల్లో దెయ్యం వస్తే తలుపులేస్తారు, లోపలికి రాకూడదని. మన ఇళ్లలో పెద్దల పండగనాడు విస్తరి వడ్డించి మనమూ తలుపులేస్తాం, పోయినవాళ్లు నిమ్మళంగా తినాలని.