రెండు రంగుల చీరకు ఒక్క ఫోటో

ఆ రోజుల్లో ఫోటోగ్రఫీ అంటే బటన్ నొక్కడమేనని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయి హిందూపురంలో ఒక స్టూడియోలో కొత్తగా పనికి కుదిరాను. అప్పటికే చుట్టాలందరిలో పెద్ద కెమెరా నిపుణురాలినని పేరు (ఆ పేరు వాళ్ళు పెట్టింది కాదు, నేనే ప్రచారం చేసుకున్నది). నిజానికి అక్కడ నా పని పాస్‌పోర్టు ఫోటోల వెనక నీలం రంగు పూయడం, పెళ్ళికొడుకుల ముఖాలు తెల్లగా చేయడం, జన్మలో కోటు వేసుకోని తాతలకు కంప్యూటర్లో కోటు తొడగడం. మా యజమాని ఎవరిని కూర్చోబెట్టినా "ఇంకొంచెం నవ్వండి, ఇంకొంచెం తల ఎత్తండి" అనేవాడు కాబట్టి ఊళ్ళో అందరికీ ఆయన ఇంకొంచెమన్న. అడిగితే కెమెరా ఇచ్చేవాడు. ఇచ్చే ముందు పసిబిడ్డను అప్పగిస్తున్నట్టు జాగ్రత్తలు చెప్పేవాడు.

అలాంటి సమయంలో ధర్మవరం నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆమె, పెద్దనాయన ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. బెంగళూరులో ఎవరో చేనేత ప్రదర్శన పెడుతూ పెద్దమ్మ నేసిన చీరను ఎంచుకున్నారట. మంచి ఫోటో పంపితే దాన్ని ద్వారం దగ్గర నిలువెత్తున పెడతారట, కింద నేసినవాళ్ళ పేరు రాస్తారట. ఫోటో బాగా లేకపోతే ఇంకో ఊరి చీర పెట్టుకుంటారు. అంతవరకూ పెద్దమ్మ చీరలన్నీ ఏదో ఒక అంగడి పేరుతోనే బయటికి వెళ్ళేవి. "నా పేరు రాస్తారంటనే. నువ్వుండావు కదా, నాకేం భయం" అంది. నేను కూడా "అదెంత పని పెద్దమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు చీరను చూడలేదు.

చూశాక తెలిసింది. అది పొడుగు దారం ఎరుపు, అడ్డదారం ఆకుపచ్చ కలిపి నేసిన చీర. ఒకవైపు నుంచి చూస్తే దానిమ్మగింజలా ఉంటుంది, కాస్త పక్కకు జరిగితే చిలకపచ్చగా మారిపోతుంది. మనిషి కదులుతాడు, ఫోటో కదలదు కదా. నేను ఇవేవీ ఆలోచించకుండా చీరను గోడకు పరిచి కట్టి, ట్యూబ్‌లైటు వేసి, పైనుంచి ఫ్లాష్ కూడా కొట్టాను. జరీ అంతా తెల్లటి మెరుపుగా పేలిపోయింది. మిగతా చీరలో ఎరుపు, పచ్చ రెండూ కలిసిపోయి బెల్లం రంగు తేలింది. కెమెరా వెనక ఉన్న చిన్న తెరలోకి పెద్దమ్మ చాలాసేపు చూసింది.

"ఇదేందే, నేను బెల్లం నేసినానా? నీ కెమెరాకు కామెర్లు వచ్చినట్టుండాయి."

మగ్గం గుంటలో కూర్చున్న పెద్దనాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు ఉక్రోషం వచ్చింది. తప్పు నాది కాదు, ఇంట్లో వెలుతురుది అని తేల్చేశాను. పెద్ద ఫోటోగ్రాఫర్లందరూ కొండల్లో, కోటల్లో తీస్తారు కాబట్టి మర్నాడు పెనుకొండ వెళదామన్నాను. పెద్దమ్మ చీరను తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. వెంట ఆమె కూతురు, మా అక్క. కొండ దగ్గర రాతి మీద పరుద్దామంటే పెద్దమ్మ "దారం లేస్తాది" అని ఒప్పుకోలేదు. అందుకని అక్క రెండు చేతులా చీర ఎత్తి పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, పైన ఎండ, కింద గాలి. చీర అక్కను మింగేసింది. అంతలో వెనక నుంచి గొర్రెల మంద వచ్చింది. కాపరి ఆగి, మమ్మల్ని జాలిగా చూసి, "ఏమ్మా, చీర ఆరేస్తాండారా? ఈడ గాలి ఎక్కువ, ఎగిరిపోతాది" అన్నాడు. అక్క ఆ రోజు సాయంత్రం వరకు నాతో మాట్లాడలేదు.

అయినా చిన్న తెర మీద ఫోటోలు అద్భుతంగా కనిపించాయి. చిన్న తెర మీద అన్నీ అద్భుతంగానే ఉంటాయని, పెద్దది చేసి చూస్తేగానీ అసలు సంగతి తెలియదని నాకు హిందూపురం వచ్చి కంప్యూటర్లో తెరిచాక అర్థమైంది. కెమెరా చీరను వదిలేసి వెనకున్న గొర్రె మీద దృష్టి పెట్టింది. గొర్రె ఒంటి మీద వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. చీర మాత్రం మబ్బు. ఇంకొంచెమన్న నా భుజం మీదుగా వంగి చూసి, "గొర్రె బలే వచ్చిందమ్మా. ఇంకొంచెం తల ఎత్తింటే ఇంకా బాగుండు" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. కానీ పట్టుదల వచ్చింది. కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. స్టూడియోలో నా చున్నీనే కిటికీ దగ్గర వేలాడదీసి, ముందు నుంచి, పక్క నుంచి, దీపం వేసి, ఆర్పేసి, తీసి తీసి చూశాను. గుడ్డను చదునుగా పరిస్తే వెలుగు అంతటా ఒకేలా పడుతుంది. మడతలు పెట్టి పక్క నుంచి వెలుగు రానిస్తే మడత గట్టు ఒక ఛాయ, మడత లోయ ఇంకో ఛాయ. రెండు రంగుల చీరైతే రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయన్నమాట. అది కనిపెట్టిన క్షణం నాకు నేనే సన్మానం చేసుకున్నాను (శాలువా బదులు అదే చున్నీ కప్పుకుని).

మళ్ళీ ధర్మవరం వెళ్ళాను. ఈసారి పొద్దున్నే, ట్యూబ్‌లైటు ఆర్పేసి, చీరను మడతలు పెట్టి వేలాడదీసి, కిటికీకి పెద్దనాయన తెల్లపంచె కట్టి ఎండను మెత్తబరిచాను. చీర ముందు తెల్లకాగితం పెట్టి, తెలుపంటే ఇదీ అని కెమెరాకు నేర్పాను. కామెర్లు వదిలాయి. స్టూలు మీద బియ్యం మూట, మూట మీద కెమెరా, చేతి వణుకు తగలకుండా టైమరు. అన్నీ కుదిరినా ఫోటో అదురుతూనే ఉంది. ఎందుకా అని చూస్తే పెద్దనాయన మగ్గం దెబ్బకు నేలంతా కదులుతోంది.

"పెద్దనాయనా, కాసేపు ఆపు."

"ఆపితే ఈ వారం చీర యాడ పూర్తవుతాదే?"

పెద్దమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. మగ్గం ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. కెమెరా టిక్కుమంది. తెర మీద దానిమ్మ ఎరుపు, పక్కనే చిలకపచ్చ, మధ్యలో జరీ గీత.

అంతటితో కథ అయిపోవాలి. నేను గొప్ప తెలివితో ఫోటోను స్టూడియో కంప్యూటర్లోకి ఎక్కించి, త్వరగా వెళ్ళాలని చిన్నది చేసి, దాని మీదే సేవ్ కొట్టి, వాట్సాప్‌లో పంపేశాను. బెంగళూరు ఆయన ఫోన్ చేశాడు. "మేడం, ఫోటో చాలా బాగుంది. కానీ పెద్దది చేస్తే గళ్ళ లుంగీలా వస్తోంది. అసలు ఫైలు పంపండి." అసలు ఫైలు కెమెరా కార్డులో ఉంది. కార్డు కెమెరాలో ఉంది. కెమెరాతో ఇంకొంచెమన్న కొత్తచెరువులో పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళి మొదలయ్యే ముందు ఆయన కార్డు ఖాళీ చేస్తాడు. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నా, కార్డులోవి చెరిపేసినావా?"

"ఇప్పుడే చెరపబోతాండానమ్మా. ఇంకొంచెం ఆగి ఫోన్ చేసింటే అయిపోయిండేది."

దొరికిన బస్సెక్కి కొత్తచెరువు వెళ్ళి, ఆయనకు ఇంకో కార్డు ఇచ్చి, ఆ కార్డు తెచ్చుకున్నాను (పెళ్ళిభోజనం కూడా చేశాను, ఎవరి తరఫు అని ఎవరూ అడగలేదు). ఈసారి ఫైలును ముందు రెండు చోట్ల దాచాను. ఒక నకలు మీద మాత్రమే చేయి వేశాను. ఆ చీర నేయగా మిగిలిన అంచు ముక్క ఒకటి పెద్దమ్మ ముందే ఇచ్చి పంపింది, దాన్ని తెర పక్కన పట్టుకుని రంగు సరిచూశాను. కొలత ఏమాత్రం తగ్గించకుండా ఈమెయిల్లో పంపి, అందింది అని ఆయన చెప్పేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ప్రదర్శనకు అందరం వెళ్ళాం. ద్వారం దగ్గర మనిషి కంటే ఎత్తుగా ఆ చీర, కింద పెద్దమ్మ పేరు. పెద్దనాయన ఆ పేరును వేలితో తాకి చూశాడు. పెద్దమ్మ మాత్రం పేరు చూడలేదు. ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి, అంచు వెంబడి పైనుంచి కిందికి వెతికి, ఒకచోట ఆగింది.

"ఇదో, ఈడ దారం తెగితే ముడి వేసినా. ఇదీ కనపడతాందే. ఇంత బాగా తీయమని నీకెవరు చెప్పినారు?"

కావాలంటే ఒక్క నిమిషంలో ఫోటోలో ఆ ముడి చెరిపేసి మళ్ళీ అచ్చు వేయిస్తానన్నాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. ఆ రోజు సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరినీ పిలిచి మరీ ఆ ముడినే చూపించింది. "నేనే వేసినా. ఫోటో తీసింది మా పాప."

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. మొన్న పాత ఫైళ్ళు సర్దుతుంటే ఆనాటి ఫోటోల మధ్య ఒకటి కనిపించింది. మడత సర్దుతుండగా టైమరు ముందే కొట్టేసినట్టుంది. చీర ముందు నా సగం ముఖం, చెదిరిన జుట్టు, పెద్దనాయనకు ఆజ్ఞలు జారీ చేస్తూ తెరిచిన నోరు. ఆ పిల్లకు ఇంకా ఏమీ రాదు, రాదని తెలియదు, అయినా ఎంత ధీమాగా ఉందో. రంగు సరిచేయలేదు, అంచులు కత్తిరించలేదు. రెండు చోట్ల దాచుకున్నాను.