యాకూబ్ చాచా పెరుగు మీద నా పరిశోధన

ఒక్క చెంచా పెరుగుతో ఊరంతటినీ భయపెట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. అది నేనే. ఊరికంటే ఎక్కువ భయపడిందీ నేనే.

అప్పట్లో నల్లగొండలో సూక్ష్మజీవుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా మోత్కూరులో గల్లీగల్లీ తిరిగి పెరుగు తెచ్చి పరీక్షిస్తే, పెరుగు అమ్మే యాకూబ్ చాచా కుండలో మాత్రం ఇంకెక్కడా లేని బ్యాక్టీరియా ఒకటి దొరికింది. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

"ఇంకోసారి నమూనా తెచ్చి చూడు" అన్నారు మా గైడ్ మేడం.

"ఈలోగా వేరేవాళ్లు ప్రకటిస్తే మన పని గంగలో కలుస్తుంది మేడం" అని పోరుపెట్టి ప్రీప్రింట్ పెట్టించాను. ప్రీప్రింట్ అంటే జర్నల్లో అచ్చు కాకముందే ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టే పరిశోధన పత్రం. తోటి శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించి, తప్పులుంటే లోకమంతా చదివేలా దాని కిందే రాస్తారు.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? వాట్సాప్ స్టేటస్‌లో "మా యాకూబ్ చాచా పెరుగులో ఎక్కడా లేని క్రిమి" అని గొప్పగా పెట్టాను. సాయంత్రానికి అది ఊళ్లో "యాకూబ్ పెరుగుల పురుగులు" అయి తిరిగింది.

మూడో రోజు అమ్మ ఫోన్ చేసింది.

"ఏం రాసినవే? చాచా పెరుగు ఒక్కలు గూడ కొంటలేరు. కుండలకు కుండలు పారబోస్తుండు. నువ్వెప్పుడొస్తవని అడుగుతుండు."

"కోపంగ అడిగిండా?"

"నవ్వుకుంట అడిగిండు."

కోపం కంటే ఆ నవ్వే ఎక్కువ భయపెట్టింది. ఆ భయంలోనే ప్రీప్రింట్ తెరిచాను. కింద మొదటి సమీక్ష వచ్చి ఉంది. ఏ దేశపు శాస్త్రవేత్తో, ఎంతో మర్యాదగా రాశాడు: "ఇది మనిషి నోట్లో మామూలుగా ఉండేదే. నమూనా తీసేముందు ఎవరైనా రుచి చూశారా?"

చూశాను మరి. ఎండన పడి వచ్చానని చాచా చెంచా ఇచ్చి తినమంటే తిన్నాను. బాగుందని మళ్లీ తిన్నాను. ఆ చెంచాతోనే సీసా నింపాను.

మేడం తిట్టినా బాగుండేది. "తప్పు ఒప్పుకుని సవరణ పెట్టు. తర్వాత ఊరికి వెళ్లు" అన్నారంతే.

నార్కట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడు దిగి పారిపోదామనుకున్నాను. ఎలాగో చాచా అంగడి చేరి, పదిమంది ముందు ఉన్నదంతా చెప్పాను.

చాచా చేతిలో గరిటె కింద పెట్టాడు.

"అంటే బిడ్డా, పెరుగు మాది, పురుగు నీదా?"

"నాదే చాచా."

"మరి గదిగూడ నీ ఫోన్ల పెట్టు."

పెట్టాను. మర్నాటికి చాచా కుండలు ఖాళీ. నాకు మాత్రం ఊళ్లో ఎవరింటికి వెళ్లినా చాయ్ కాగితపు గ్లాసులోనే వస్తోంది.

ఇక ఈ జన్మలో ఏ నమూనానూ రుచి చూడనని అమ్మ ఎదుట నిలబడి ప్రమాణం చేశాను. మాట తప్పుతానేమోనన్న భయంతో ఇప్పుడు మట్టి మీద పరిశోధన చేస్తున్నాను.