విత్తనానికి వదిలిన కాయ

మా అన్నయ్యకి ఓపిక లేదని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. ఉంది. కాకపోతే ఉన్నదంతా గడియారాల కొట్టులోనే అయిపోతుంది. పొద్దుటి నించి సాయంత్రం దాకా ఒక కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, నలుసంత మరల్ని పట్టకారుతో తీసి మళ్ళీ వాటి చోట వాటిని పెడతాడు. ఇంటికొచ్చేసరికి ఓపిక ఖాళీ. అన్నం ఉడికిందో లేదోనని మాటిమాటికీ మూత తీస్తాడు. బస్సు వస్తోందో లేదోనని నడిరోడ్డు మీదకెళ్ళి చూస్తాడు. వీధిలో వాళ్ళు ఆయనకి సెకన్ల ముల్లు అని పేరు ఊరికే పెట్టలేదు.

అలాంటి మనిషి చేతిలో పడ్డాయి అమ్మ సొరగింజలు.

అమ్మ పోయాక ఆవిడ కుట్టుమెషీను నేను తెచ్చుకున్నాను, నా బతుకుతెరువు కూడా కుట్టుపనే కాబట్టి. అన్నయ్య ఏమీ అడగలేదు. అలమార మూల ఉన్న ఒక మాత్రల డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు. అందులో అయిదు గింజలున్నాయి. అమ్మ పాదు సొరకాయలు పొట్టిగా, గుండ్రంగా, తెల్లటి మచ్చలతో కాసేవి. అలాంటి కాయ బజార్లో మేం ఎన్నడూ చూడలేదు. ఏటా పాదుకి మొదట నిలిచిన కాయకి ఆవిడ పాత గుడ్డపీలిక కట్టేది. కట్టిందంటే అది విత్తనానికన్నమాట. ఇంట్లో కూరకి ఏమీ లేకపోయినా సరే, దాని మీద చెయ్యి వేశామో మా వీపు విమానం మోతే. తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే లోపల గలగలమనే దాకా అది అలా వేలాడవలసిందే. కాపురానికి వచ్చినప్పుడు కొంగున కట్టి తెచ్చుకున్న గింజట. మంచం పట్టిన చివరి రెండేళ్ళు తప్ప ఏ ఏడూ మానలేదు.

అడిగిన ప్రతివాళ్ళకీ పంచింది కూడా. కానీ లేత కాయ రుచి మరిగిన వాళ్ళు ముదరబెడతారా? అందరూ తినేశారు. తెలిసిన వాళ్ళందరినీ అడిగి చూశాం, ఒక్కరి దగ్గరా గింజ లేదు. డబ్బాలోవి పోతే ఆ కాయ ఇక లేనట్టే. ఆ సంగతి మా ముగ్గురికీ, అంటే నాకూ, అన్నయ్యకీ, వదినకీ బాగా తెలుసు. భయమంతా అందుకే.

అన్నయ్య వాళ్ళుండేది మూడో అంతస్తులో. పెరడు లేదు, పైన మేడ ఉంది. పాత రంగుడబ్బాలో మట్టి పోసి రెండు గింజలు పెట్టాడు. మర్నాడు తవ్వి చూశాడు.

నిజమండీ, తవ్వి చూశాడు! ఆ మర్నాడు మళ్ళీ చూశాడు. మట్టి పక్కకి తప్పించి, పట్టకారుతో గింజని పైకెత్తి, భూతద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పూడ్చాడు. వదిన చెబితే నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. అప్పటికే ఒకదానికి తెల్లటి వేరు వచ్చి ఉంది. అది పట్టకారు కొసకి తగిలి విరిగింది. రెండోది ఎన్నిసార్లు పైకొచ్చి కిందికెళ్ళిందో, మెత్తబడి చచ్చింది.

"ఏం చేస్తున్నావన్నయ్యా అసలు?"

"లోపల పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుందే? ఆగిపోయిందేమోనని మూత తీశాను."

"అది గడియారం కాదు!"

"తెలుసులే," అన్నాడు. కానీ మొహం చూస్తే తెలిసినట్టు లేదు.

ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడని సామెత. ఈయనే అయి ఉంటాడు. ఇంకో రెండు గింజలు పెట్టినప్పుడు ఒట్టేసి మరీ తవ్వకుండా ఉన్నాడు. ఉండి ఏం చేశాడు? నీళ్ళు పోశాడు. కొట్టుకెళ్ళే ముందొక చెంబు, భోజనానికి వచ్చినప్పుడొక చెంబు, సాయంత్రం వచ్చాక బిందె. ఎండకి దాహం వేస్తుందట. డబ్బా అడుగున కన్నం పెట్టాలని ఎవరికీ తోచలేదు. వాసన వచ్చాక వంచి చూస్తే అంతా బురద. ఆ బురదలో గింజల కోసం ఆయన చేత్తో కెలుకుతుంటే నేను డబ్బా వంచి పట్టుకున్నాను.

ఇక ఒక్కటి మిగిలింది.

"అది నాకిచ్చెయ్, మా గుమ్మం ముందు పెట్టుకుంటాను," అన్నాను.

"మీ వీధి నిండా మేకలు. మేకకిచ్చినా నీకిచ్చినా ఒకటే."

"మేక నయం. ఒక్కసారే తినేస్తుంది. నీలాగా రోజూ చంపదు!"

మాటకి మాట పెరిగింది. మధ్యలో వదిన వచ్చి మాత్రల డబ్బా లాక్కుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన వాళ్ళని వరసలో కూర్చోబెట్టడం వదిన ఉద్యోగం. భయంతో లేచి పారిపోయే వాళ్ళని రోజూ చూస్తుంది కాబట్టి ఆవిడకి గొంతు పెంచకుండా చెప్పడం వచ్చు. "గింజ నేను పెడతాను. మేడ తాళం నా దగ్గరుంటుంది. మీరు నాతో వచ్చి చూడచ్చు, చేతులు వెనక్కి కట్టుకుని. ముట్టుకుంటే మాత్రం తాళం మీ చెల్లెలికిస్తాను," అంది అన్నయ్యతో.

పెట్టింది. రోజులు గడిచాయి. అన్నయ్య తాళం వేసిన తలుపు సందులోంచి చూసేవాడు. నేను బట్ట కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆగిపోయి ఫోన్ చేసేదాన్ని. "వచ్చిందా?" "లేదు." మళ్ళీ ఫోన్. "ఇంకా లేదా?" "మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి నా ప్రాణం తీస్తున్నారు," అనేది వదిన. గింజ పుచ్చిందేమోనని ఆవిడకీ లోపల గుబులే, పైకి చెప్పేది కాదు.

వచ్చింది. నెత్తి మీద గింజ డొప్పని టోపీలా పెట్టుకుని మరీ వచ్చింది. ఆ టోపీ తీసేస్తే ఆకులు హాయిగా విచ్చుకుంటాయి కదా అని అన్నయ్య జేబులోంచి పట్టకారు తీశాడు. వదిన అలా చూసింది. చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి. టోపీ దానంతటదే రాలింది.

అక్కడితో గండం గడిచిందనుకున్నాం. తాళ్ళు కట్టి పందిరి వేశాం, తీగ అల్లుకుంది, వదిన కూడా తాళం సంగతి మర్చిపోయింది. ఆ మర్చిపోవడమే కొంప ముంచింది. ముందు ఆకుల మీద తెల్లగా బూడిద చల్లినట్టు తెగులు వచ్చింది. గడియారం అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో అన్నయ్య ఒక్కొక్క ఆకే తుడిచాడు. తెగులు పట్టిన ఆకు తుడిచిన గుడ్డతోనే మంచి ఆకూ తుడిచాడు. తెగులు పాదంతా పాకింది. ఈలోగా పూలొచ్చాయి. సన్నటి కాడల మీద తెల్లటి పూలు, పూసినవి పూసినట్టు రాలిపోతున్నాయి. ఏ పువ్వు కిందా పిందె లేదు.

"ఇవి దండగ పూలు. తీగ బలమంతా ఇవే తినేస్తున్నాయి. పని చెయ్యని చక్రాన్ని ఎవరన్నా లోపల ఉంచుతారా?" అంటూ మొగ్గల్ని కూడా వదలకుండా గిల్లేశాడు. అప్పటికి మాకెవరికీ తెలీదు. ఇప్పుడు తెలివిగా మాట్లాడి ఏం లాభం?

తర్వాత పిందెతో పూలొచ్చాయి. బొటనవేలి గోరంత పిందె, పొట్టిగా, గుండ్రంగా. అచ్చం అమ్మ కాయే! అన్నయ్య నాకు ఫోన్ చేసి మాట్లాడలేక వదినకిచ్చాడు. నాలుగు రోజులకి పిందె పసుపుపచ్చగా మారి రాలింది. ఇంకొకటి వచ్చింది, అదీ రాలింది. వచ్చినవన్నీ అంతే. అన్నయ్యకి తిండి సహించలేదు. కొట్టులో ఎవరిదో గోడగడియారానికి పెద్దముల్లు చోట చిన్నముల్లు బిగించి పంపాడట. ఆయన చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. నాకు భయం పాదు మీదనించి ఆయన మీదకి మళ్ళింది.

ఎదురింటి మేడ మీద డ్రైవింగు స్కూలు మాస్టారికి కూడా సొరపాదుంది. ఆయనది బజారు విత్తనం, చేతికర్రలంత పొడుగు కాయలు. రోజంతా బండిలో బ్రేకు బ్రేకు అని అరిచి అరిచి ఆయనకి మెల్లగా మాట్లాడటం రాదు. ఒక సాయంత్రం అక్కణ్ణించే కేకేశాడు.

"ఏమండీ, మీ పాదుకి మగపూలేవీ?"

"మగపూలేమిటి?"

"పిందె లేని పూలండీ! కనపడవే?"

"అవా? గిల్లేశాను."

మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పుప్పొడి ఆడపువ్వుకి అంటితేనే పిందె నిలుస్తుందనీ, మేడల మీదకి పురుగులు అంతగా రావనీ, మనమే పువ్వు కోసి రాయాలనీ వీధంతా వినేలా చెప్పాడు. అన్నయ్య పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ ఆకులకీ బూడిద తెగులు.

గిల్లడం ఆపేశాడు. కానీ పాదు అప్పటికే నీరసించింది. కింది ఆకులు ఎండి వేలాడుతున్నాయి. కొత్త మొగ్గలు లేవు. చిట్టచివర ఒక్క ఆడమొగ్గ మాత్రం ఉబ్బుతోంది. కుట్టిన బట్టలు ఇవ్వడానికి అటు వెళ్ళిన నేను మేడెక్కి చూస్తే, ఆయన కింద కూలబడి ఉన్నాడు.

"ఈ సాయంత్రం విచ్చుకుంటుందే. తెల్లారేసరికి వాడిపోతుంది. మగపువ్వు ఒక్కటి లేదు. అయిపోయింది. అమ్మది నేనే అవగొట్టాను."

ఆ మాట వినలేకపోయాను. మూడంతస్తులు దిగి, వీధి దాటి, మాస్టారి మేడెక్కాను. ఆయన వెంటనే మగపువ్వు కోసి నా చేతిలో పెట్టాడు. గాలికి ఎక్కడ రాలిపోతుందోనని రెండు అరచేతుల మధ్య మూసి తెచ్చాను. మొగ్గ విచ్చుకున్నాక, తెచ్చిన పువ్వు రెక్కలు ఒలిచి అన్నయ్య చేతికిచ్చాను. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకునే చెయ్యి అది. తొందరపడకుండా వదిన మణికట్టు పట్టుకుంటే మెల్లగా పుప్పొడి రాశాడు.

పిందె పసుపు తిరగలేదు. పచ్చగానే ఉంది. మెడ కిందికి వంచింది. గుప్పెడంత అయింది, చెంబంత అయింది. పొట్టిగా, గుండ్రంగా, తెల్లటి మచ్చలతో. వదిన అన్నయ్య పాత చొక్కా చింపి గుడ్డపీలిక కట్టింది. నేను దాన్ని నిమిరి ఏడ్చాను, ఎందుకు దాచాలి?

కానీ మా అన్నయ్య సంతోషానికి కూడా వెనక మూత తీసి చూసే రకం. కూర్చుని కూర్చుని రైతులకి సలహాలు చెప్పే నంబరుకి ఫోన్ చేశాడు. "వేరే పాదు పువ్వు రాస్తే గింజ ఎవరిదవుతుందండీ?" అని అడిగాడు. అవతలి అమ్మాయి ఉన్నమాట చెప్పింది. కాయ తల్లి పాదులాగే ఉంటుంది, లోపలి గింజలు మాత్రం కలగలుపు. వచ్చే ఏడు అవి ఎలా కాస్తాయో చెప్పలేం.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. "నిన్నెవరు తెమ్మన్నారు ఆ పువ్వుని?" అన్నాడు.

"బాగుంది! నేను పరిగెత్తకపోతే ఇవాళ ఆ పందిరి మీద ఏముండేది, ఎండుతీగ తప్ప?"

"కనీసం మోసం ఉండేది కాదు," అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నించి మా మధ్య మాటలు లేవు. ఎంత కోపంగా ఉన్నానో అంత బెంగగానూ ఉన్నాను. ఒక సెలవురోజు పొద్దున్నే వదిన ఫోన్. "మీ అన్నయ్య కత్తి పట్టుకుని మేడెక్కారు. తొందరగా రా," అంది.

చెప్పులు కూడా వేసుకోలేదు. వెళ్ళేసరికి ఒక చేత్తో కాయ పట్టుకుని ఉన్నాడు. వదిన ఆయన పక్కనే నిలబడి ఉంది. కాయ తొక్క ఇప్పుడిప్పుడే గట్టిపడుతోంది. ఇప్పుడు కోస్తే లోపలి గింజ ఇంకా పాలుగారుతూ ఉంటుంది, మొలవదు. పాదుకి ఇంకో పిందె లేదు, వచ్చే బలమూ లేదు. కోస్తే గింజలో అమ్మ పాదు నించి వచ్చిన సగం కూడా ఉండదు.

"అన్నయ్యా, ఆగు."

"కూర వండుకోండి," అన్నాడు. "మంచి గడియారంలో డూప్లికేట్ చక్రం వేసి, ఇది అదే అని నేనెవరికీ ఇవ్వలేదు. అమ్మ పేరు చెప్పి ఇంకొకరి గింజ పాతిపెట్టలేను. నావల్ల కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది. ఆ రెండూ కలిస్తే నా నోరు నా మాట వినదు.

"నువ్వు అమ్మ కొడుకువేనా?"

"అదేం ప్రశ్న?"

"చెప్పు! నిలువెల్లా అమ్మ పోలికేనా? ఆ ముక్కెవరిది? ఆ నడకెవరిది? సగం నాన్న పోలిక కాదూ నీది? నేను మాత్రం? డూప్లికేట్లని మనిద్దర్నీ బయట పారేసిందా ఆవిడ?"

అన్నయ్య కాయ వదల్లేదు. కత్తి వంకా, కాయ వంకా చూసి, చిన్న గొంతుతో అడిగాడు. "వచ్చే ఏడు ఇది పొడుగ్గా కాస్తే?"

"మీరూ పొడుగ్గానే పుట్టారు," అంది వదిన. "అత్తయ్య మిమ్మల్ని కోసి కూర వండలేదుగా."

అన్నయ్య నవ్వబోయి ఏడ్చేశాడు. కత్తి నేను తీసుకున్నాను. కాయ ఎండడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది, పాదుకి మిగిలినవి గుప్పెడు ఆకులు. అందాకా తీగ బతకాలి.