రొట్టెల డబ్బాలో మూడు కార్డులు

"సంచి యాడ పెట్టినావక్కా?"

"పెట్టినకాడే పెట్టినా."

"పెట్టినకాడ నీళ్లుండాయి సూడు."

"నీళ్లు వస్తాయని నాకేం తెల్సు? నువ్వు ఈడ నిలబడి సూసుకొని ఉండకూడదా?"

"మూడు మునకలు ఏస్తేనే పుణ్యమంటివి కదా. నన్ను రెక్క పట్టుకొని నీళ్లలోకి ఈడ్సకపోయిందెవరు?"

కార్వార్ సముద్రం ఒడ్డున తడిచీరలతో నిలబడి నేనూ, సిరుగుప్ప ఊరి ఆమె, ఇద్దరం ఇట్లా మొదలుపెట్టాం. మాతో వచ్చిన తోడికోడళ్లిద్దరూ మోకాళ్ల లోతు నీళ్లలో చెప్పులు ఏరుతున్నారు. సంచి మాత్రం కనిపించలేదు. ఆ సంచిలో రొట్టెల డబ్బా, ఆ డబ్బాలో మా ఆధార్ కార్డులు మూడు ఉన్నాయి. కార్డు చూపిస్తేనే ఆడవాళ్లకు సర్కారు బస్సు ఊరికే. చూపించకపోతే బళ్ళారి దాకా టికెట్ కొనాలి. టికెట్లకని మేం డబ్బు తేలేదు.

నాలుగో కార్డు సిరుగుప్ప ఆమె రవికలో ఉంది. దాని మీద బళ్ళారిలోనే ఒక జగడం అయింది.

మేం నలుగురం బళ్ళారి బ్రూస్‌పేటలో ఒకే వసారాలో కూర్చుని జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తాం. కుట్టిన ప్యాంట్లు మూటలుగా వస్తాయి. వాటికి వేలాడే దారం కొసలు తీసేయడం మా పని. పదేళ్లుగా అదే. మునివేళ్లు నీలంగా ఉంటాయి, ఎంత తోమినా పోదు. తోడికోడళ్లు మా ఎదురింటివాళ్లు. సిరుగుప్ప ఆమె వరిమళ్ల మధ్య పుట్టింది, బియ్యం కొలవకుండా ఎసట్లో పోసే చెయ్యి. నేను కొలిచి, కొలిచినదాంట్లో ఒక పిడికెడు తీసి పక్కన పెట్టే మనిషిని. మా ఇద్దరికీ పడదు. పడకపోయినా పక్కపక్కనే కూర్చుంటాం. ఆ వసారాలో వెలుతురు బాగా పడే చోటు అదొక్కటే.

సముద్రం చూడాలన్నది ఆమె. బస్సు ఊరికేనాయె, పోవచ్చులే అన్నది నేను. ఏర్పాటంతా నాదే. అమావాస్య అని రోజు పెట్టిందీ నేనే. ఉత్త రోజుల్లో సముద్రాన్ని ముట్టకూడదని మా అవ్వ చెప్పేది. తినడానికి రెండు రోజులకు సరిపడా ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డలు. టీలకూ ఆటోకూ తలా నూరు రూపాయలు. అంతకుమించి ఎవరూ తేకూడదని చెప్పాను. ఒకరి దగ్గర ఎక్కువుంటే నలుగురి నోళ్లూ ఊరుతాయి. రాత్రి బస్సులో పోవడం, పగలంతా సముద్రం, రాత్రికి బస్టాండులో నడుం వాల్చడం, తెల్లారి మొదటి బస్సుకు తిరుగుముఖం.

"బస్టాండులోనా?" అంది సిరుగుప్ప ఆమె. "లాడ్జిలో ఒక రూము తీసుకుందాం లేక్కా. కిటికీలోంచి సముద్రం కనిపిస్తాదంట. మంచం మీద పండుకొని సూడొచ్చు."

"మంచం మీద పండుకొని సూసేదానికి నువ్వేమన్నా బాలింతవా?" అన్నాను.

కార్డులు కూడా నా దగ్గరే ఉండాలన్నాను. నలుగురిలో మూడో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. తోడికోడళ్లు ఇచ్చేశారు. ఆమె ఇవ్వలేదు.

"నా కార్డు నా కాడుంటాది. నేనేమన్నా తప్పిపోతానా?"

"రేషన్ కార్డు బియ్యం డబ్బాలో పెట్టి మర్సిపోయిందెవరు?"

"దొరికింది కదా."

"పురుగులు కొట్టినాక దొరికింది."

అప్పటినుంచి బస్సు హుబ్బళ్ళి చేరేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. నాకు అదే సుఖంగా ఉండింది.

సముద్రం గురించి నేను గొప్పగా చెప్పేదేమీ లేదు. నీళ్లు, ఇసుక, గాలి. ఆ గాలికి ఒంటి మీద చీర నిలవదు. గొడుగు కింద కుర్చీకి డబ్బడిగాడొకడు. కూర్చునేదానికి డబ్బెందుకని అడిగి, ఇసుకలోనే కూర్చున్నాను. తోడికోడళ్లు మాత్రం చిన్నపిల్లలైపోయారు. అల వస్తే వెనక్కి పరుగెత్తడం, అది పోతే దాని వెంటపడి తరమడం. చూస్తుంటే నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

మునకకు దిగేముందు అందరి డబ్బూ నడుముకు కట్టుకున్నాను. నోటు తడిస్తే ఆరుతుంది. కార్డులు తడవకూడదని రొట్టెల డబ్బాలో, రొట్టెల అడుగున పెట్టి మూత బిగించాను. డబ్బాను జీన్స్ ముక్కలతో కుట్టిన సంచిలో పెట్టాను. ఆ సంచిని తడి ఇసుక దాటి, పది అడుగుల ఎడంగా, పొడి ఇసుకలో దించి చుట్టూ మా ఎనిమిది చెప్పులూ పేర్చాను. మాకు తెలిసిన నీళ్లు కాలువ నీళ్లు. కాలువలో నీళ్లు పెరగాలంటే పైన ఎవరో గేటు ఎత్తాలి. ఎత్తే రోజు ఊరందరికీ ముందే తెలుస్తుంది. ఎవరూ ఎత్తకుండా నీళ్లు వాటంతటవే గట్టెక్కుతాయని మాకెవరు చెప్పారు?

చేతులు పట్టుకొని మూడు మునకలు వేశాం. ఇంకో మూడు వేద్దామన్నారు తోడికోడళ్లు. వేశాం. తిరిగి చూసేసరికి చెప్పులు తేలుతున్నాయి.

పక్కన ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే ఆమె నవ్వుతూ కన్నడంలో అంది. "అమావాస్యెగె నీరు మేలె బర్తదె, గొత్తిల్వా అజ్జీ?" అమావాస్యకు నీళ్లు పైకొస్తాయి, అదైనా తెలీదా అవ్వా అని. ఆ మాట సిరుగుప్ప ఆమె చెవిన పడకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. పడింది.

"ఇన్నావా అక్కా? పంచాంగం సూసి మరీ సంచిని సముద్రానికి ఇచ్చినావు."

పొద్దు వాలేదాకా వెతికాం. వచ్చిన నీళ్లు వచ్చినట్టే వెనక్కి పోయాయి. ఎనిమిది చెప్పుల్లో ఏడు దొరికాయి. దొరకనిది నాది. సంచి దొరకలేదు. ఫోన్లో కార్డు ఫోటో ఉంటే ఒప్పుకుంటారని చెనిక్కాయల ఆమె అంది. మావన్నీ బటన్ ఫోన్లు.

అప్పుడు సిరుగుప్ప ఆమె అటు తిరిగి రవికలోంచి చిన్న పర్సు తీసింది. కార్డు వెనక మడతపెట్టిన నోట్లు. నెల పైబడి కూలిలోంచి తీసి దాచినవట.

"ఇదేంది?" అన్నాను. "ఎవురూ తేకూడదని సెప్పినా కదా."

"సెప్పినావు. అయినా తెచ్చినా. రూముకు."

"నలుగురినీ మోసం సేసి."

"మోసమేముండాది? నలుగురం పండుకుందామనే తెచ్చినా. ముందే సెప్పింటే నువ్వు తేనిస్తావా?"

తోడికోడళ్లలో పెద్దామె మెల్లగా అడిగింది. "రూము తీసుకుంటే టికెట్లకు సాల్తాయా?"

"సాలవు."

"అట్లయితే రూమే తీసుకో," అన్నాను. "నీ దుడ్డు నాకొద్దు. కండక్టర్ను నేను అడుగుతా. ముసిల్దాన్ని దింపేస్తాడా?"

"దింపుతాడు. ఒంటి చెప్పుతో యాడికి నడుస్తావు?"

ఆమె రోడ్డుకు అవతల ఉన్న లాడ్జి వైపు చూసింది. రెండో అంతస్తులో కిటికీలన్నీ సముద్రం వైపే ఉన్నాయి. కాసేపు చూసి పర్సు మూసింది. బస్టాండుకు ఆటోలో పోయాం. తలా ఒక బన్ను తిని బెంచీల మీద పడుకున్నాం. ఆమె నాకు వీపు పెట్టి పడుకుంది.

తెల్లారి మొదటి బస్సు ఎక్కాం. కండక్టర్ను నేను అడిగాను. కార్డులు సముద్రంలో పోయాయని చెప్పాను. కార్డు లేకపోతే టికెట్ తీసుకోవాల్సిందే అజ్జీ అన్నాడు. నేనింకా మాట్లాడుతుండగానే ఆమె చెయ్యి నా భుజం మీదుగా ముందుకొచ్చింది, నోట్లతో. మూడు డబ్బు టికెట్లు, ఒక ఊరికే టికెట్ కొట్టాడు. మిగిలిన చిల్లర ఆమె లెక్కపెట్టకుండా పర్సులో వేసుకొని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కొంతదూరం సముద్రం పక్కనే పోతుంది. అది కనిపించినంతసేపూ ఆమె తల తిప్పలేదు. నేను వెనక సీట్లో, ఒంటి చెప్పు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. హుబ్బళ్ళి దాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.