ధ్రువానికి పంపిన సంజాయిషీ మెమో

ఆ రోజుల్లో రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉండడమంటే మా ఇంట్లో తప్పు కాదు, నేరం. కొండమీది దేవస్థానం ఆఫీసులో రికార్డులు చూసే మా నాయన "ఖాళీ గడి ఉండాదంటే ఎవురో డ్యూటీ ఎగ్గొట్టినారని అర్థం రా. సంజాయిషీ అడగల్ల" అని నా అన్నప్రాశన నాడే చెప్పి ఉంటారు. (ఆ తేదీ ఆయన డైరీలో ఉంది.) అంతటి శిక్షణతో, డెబ్బైల చివర్లో, తిరుపతిలోని ఒక చిన్న పరిశోధన కేంద్రంలో తాత్కాలిక రికార్డు సహాయకుడిగా చేరాను. ఆరు నెలలు మచ్చ లేకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం.

రేడియో అలను ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పైపొరల్లో ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో లెక్కగడతారని మాత్రమే నాకు తెలుసు. ఉత్తర ధ్రువం దగ్గరి ఒక కేంద్రం గంటగంటకూ తీసిన అంకెల పట్టికలు నెలనెలా పోస్టులో వచ్చేవి. వాటిని గ్రాఫు కాగితానికి ఎక్కించడం నా పని. ఒక నెల పట్టికలో వరుసగా మూడు రోజులు అంకెలే లేవు, అన్నీ అడ్డగీతలు. నాలుగో రోజు మధ్యాహ్నం మరో మూడు. నాకు ఒళ్ళు మండింది. జ్వరంతో కూడా నేనిక్కడ హాజరు వేయించుకుంటుంటే, దొరలు అక్కడ ముసుగుతన్ని పడుకుంటారా? మా డైరెక్టరు సార్ మద్రాసు వెళ్ళిన రోజు చూసి, డెబ్బై అయిదు గడులకు సంజాయిషీ కోరుతూ మెమో టైపు చేసి, ఆఫీసు ముద్ర కొట్టి, 'డైరెక్టరు తరఫున' అని సంతకం పెట్టి పంపేశాను.

మర్నాడు తిరిగొచ్చిన సార్ పట్టిక చూసి ఎగిరి గంతేసినంత పని చేశారు. "సూసినావా అప్పా, ఈ గీతలే అసలు సరుకు! సూర్యుడు చెలరేగినాడు. ఆ తుపాను కణాలు ధ్రువం మీద దిగితే కిందిపొరలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసిపోతాయి. మన అలని ఆ పొరే మింగేస్తాది. ప్రతిధ్వని రాకపోతే వాళ్ళేం రాస్తారు? గీతే!"

పెద్ద పోస్టాఫీసుకు పరుగెత్తాను. "టపా సంచి నిన్ననే పోయిండాది" అన్నారు. ఆ తరువాత ఏడు వారాలు అన్నం సయించలేదు. సార్ కన్నా ముందు జవాబును అందుకోవాలని రోజూ గేటు దగ్గర కాపు కాశాను. "ఏం సామీ, పెండ్లి సంబంధమా?" అని పోస్టుమాన్ ఎగతాళి. (అతని రాకపోకల వేళలు ఇప్పటికీ నా దగ్గర రాసి ఉన్నాయి.)

చివరికి ఆ జవాబు, నేను సెలవు కాగితం ఇచ్చి పంటి వైద్యానికి వెళ్ళిన ఒకే ఒక్క పూట వచ్చింది. తిరిగొచ్చేసరికి సార్ దాన్ని విప్పి పెట్టుకుని ఉన్నారు. "కూర్చో. నా తరఫున నువ్వు అడిగినదానికి వాళ్ళు జవాబిచ్చినారు, విను" అని తెలుగులో చదివి వినిపించారు: 'డెబ్బై రెండు గడులకు సూర్యుడు బాధ్యుడు. మా మనిషి మూడు రోజులూ యంత్రం ముందే ఉన్నాడు. మిగిలిన మూడింటికి మేమే బాధ్యులం. ఆ మధ్యాహ్నం మా వంటమనిషి పుట్టినరోజు. క్షమించగలరు.'

నేను లేచి నిలబడి రాజీనామా మాటలు వెతుక్కుంటున్నాను. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేండ్లుగా, ఏటా అదే తేదీన పడే ఆ మూడు గీతలూ తుపానే అనుకోని లెక్కలో కలిపేసేవాణ్ణప్పా" అన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది; ముద్ర మాత్రం ఆయన బీరువాలోకి వెళ్ళిపోయింది.

ఆ మెమో కార్బన్ కాపీ ఇంకా నా ఫైలులో ఉంది. నిరుడు, మనవరాలి పుట్టినరోజు సందడిలో, నలభై ఏళ్ళలో మొదటిసారి నా డైరీలో ఒక రోజు ఖాళీ పడింది. మర్నాడు చూసుకుని అడ్డగీత గీశాను. సంజాయిషీ అడగడానికి నాయన లేరు. ఎవరైనా అడిగితే సూర్యుడి మీదికి నెట్టేద్దామని ఉన్నాను.