ఓబులేసు మామ ఎడమచెయ్యి

బాగున్న చేతిని పాడైందని నమ్మించాను. ఈ ఒక్క మాట రాయడానికి నాకు పదహారేళ్లు పట్టింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. నాటక సమాజంలో ఎవరికీ తెలియదు. ఆ చెయ్యి ఎవరిదో ఆ మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను. నా పేరు అడగొద్దు. ఆయన పేరు కూడా మార్చి ఓబులేసు అని రాస్తున్నాను.

మార్కాపురంలో పలకలు కోసే షెడ్ల వెనక, ఒక మేడ మీద నాకో గది ఉండేది. ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు. దాన్నే స్టూడియో అనేవాణ్ణి. మైకు పెడితే పాటకంటే ముందు రాయి కోసే మిషన్ల రొద పడేది. అందుకే మైకు లేకుండా కీబోర్డునే కంప్యూటరుకు కలిపే మిడి పద్ధతి నేర్చుకున్నాను. మిడిలో శబ్దం రికార్డు కాదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతవరకే నమోదవుతుంది. తెర మీద అదంతా గళ్లలో చిన్న చిన్న పట్టీలుగా కనబడుతుంది. పట్టీని మౌసుతో పట్టుకుని జరిపితే స్వరం ముందో వెనకో పడుతుంది. వాయించినవాడు ఎదురుగా లేకుండానే అతని వాయింపును మార్చేయొచ్చు. అప్పట్లో అది నాకు మహా గొప్పగా ఉండేది.

ఓబులేసు మామది గిద్దలూరు వైపు. నాకు చుట్టమేం కాదు, అందరూ మామా అంటే నేనూ అనేవాణ్ణి. మా తాలూకాలు కర్నూలు నుంచి వచ్చి ప్రకాశం జిల్లాలో కలిసిన కొత్తలో, పదిహేనేళ్ల వయసులో హార్మోనియం పట్టాడట. పౌరాణిక నాటకాల్లో పద్యాలకు వాయించేవాడు. వెలిగండ్లలో అయినా, కొనకనమిట్లలో అయినా, ముందు మామ ఖాళీగా ఉన్నాడా అని అడిగి ఆ తర్వాతే నాటకం ఖాయం చేసుకునేవాళ్లు. వేషగాడు రాగం తప్పితే చూసేవాళ్లకు తెలియకుండా దారిలోకి తెచ్చేవాడు. ఆయనకు పొలం లేదు, చదువు లేదు. నలుగురిలో ఆయనకున్న మర్యాదంతా ఆ పెట్టె వల్ల వచ్చిందే.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎవరో నన్ను చూపించి, మనోడిదీ మ్యూజిక్కే మామా అన్నారు. ఆయన నవ్వి, ఈ అబ్బయ్య వాయించేదేముంది, టైపు కొడతాడు అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆయన టీ గ్లాసు కింద పెట్టేలోపే మరిచిపోయి ఉంటాడు. నేను ఆరు నెలలు మోశాను. అంత చిన్న మాటకా ఇదంతా? అవును, అంత చిన్న మాటకే.

ఆరు నెలల తర్వాత, నాటక సమాజానికి పెద్ద అయిన శెట్టిగారు మామను వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. కొత్తగా చేరిన నటులు ఇళ్ల దగ్గర పద్యాలు సాధన చేసుకోవాలి, మామ వాయింపు ఒక సీడీలో కావాలి అన్నాడు. మామ కీబోర్డు ముందు కూర్చున్నాడు. హార్మోనియానికైతే కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే ఎడమచెయ్యి వెనక గాలి తిత్తిని ఆడిస్తుండాలి. కీబోర్డుకు తిత్తి లేదు. ఆయన ఎడమచేతికి ఏం చేయాలో తోచలేదు. కీబోర్డుకు ఎడమపక్క చిన్న చక్రం ఉంటుంది, తిప్పితే శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. ఇదే తిత్తి అనుకో మామా అన్నాను. పది నిమిషాల్లో పట్టేశాడు. ఆ చక్రం కదలిక కూడా మిడిలో నమోదవుతుంది, పట్టీల కింద ఒక గీతగా. ఆయన గీత నిదానంగా లేచి, నిదానంగా దిగి, పద్యం చివర రాగం తీసేచోట ఒక్క వణుకు లేకుండా సన్నబడింది. తప్పులు సరిచేసి నా పనితనం చూపిద్దామని వెతికాను. సరిచేయడానికి ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది అసూయ అని ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

శెట్టిగారు ఆయన్ని భోజనానికి తీసుకెళ్లాడు. నేను ముందు అసలు ఫైలును భద్రం చేశాను. తర్వాత దాని నకలు తెరిచాను. ఈ వరస గమనించండి. కోపంలో ఒళ్లు తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది. మిషను వేసిన స్వరాలు మరీ కొలిచి పెట్టినట్టు ఉంటాయి కదా, అవి మనిషి వాయించినట్టు వినబడాలని అక్కడక్కడ కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతుంది. దాన్ని నేను మనిషి వాయించినదాని మీద వాడాను. కాస్త కాదు, బాగా ఎక్కువ పెట్టాను. తర్వాత పెన్సిలు బొమ్మ ఎంచుకుని, ఎడమచేతి గీతను పైకీ కిందకీ, పైకీ కిందకీ చెరిపి గీశాను. స్పీకర్లలో శబ్దం వణికింది. అన్నిచోట్లా గీయలేదు. నమ్మేలా ఉండాలని పద్యాల చివర్లలో మాత్రమే గీశాను. ఎక్కడ ఆపాలో కూడా నాకు తెలిసింది.

మామ వచ్చి కూర్చుని విన్నాడు. రెండో పద్యానికి వక్కపొడి నమలడం ఆపేశాడు.

“ఏంది అబ్బయ్యా ఇది? నేను ఇట్ల వాయించినానా?”

“నువ్వే కదా మామా వాయించింది.”

“తాళం తూలుతా ఉంది. తిత్తి గూడ వణుకుతా ఉంది.”

నేను తెర మీద గీత చూపించాను. “ఇదిగో, ఇది నీ ఎడమచెయ్యి. మిషను అబద్ధం చెప్పదు కదా మామా.”

ఆయన ఎడమచెయ్యి చాపి చూసుకున్నాడు. అది కదలకుండా ఉంది. తెర వైపు చూశాడు. మళ్లీ చెయ్యి చూసుకున్నాడు. “మా నాయనకూ ఇట్లనే మొదలైంది. చివరికి చెంబు గూడ పట్టుకోలేకపోయినాడు” అన్నాడు.

వాళ్ల నాన్న సంగతి నాకు తెలియదు. తెలిస్తే చేసేవాణ్ణి కాదా? ఏమో. ఆ క్షణంలో నవ్వి, ఊరికే ఆటపట్టించాను మామా అని ఉంటే సరిపోయేది. రెండు తిట్లు తిట్టి వదిలేసేవాడు. ఒక్క పూట ఏడిపించి సాయంత్రానికి చెప్పేద్దామనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అట్లా అనుకున్నానో లేదో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ఆ తర్వాతి నాటకానికి చెయ్యి బాగలేదని కబురు పెట్టాడు. దాని తర్వాతదానికీ రాలేదు. సమాజానికి హార్మోనియం లేకుండా పోయింది. అప్పుడు నేను ఆయన అసలు ఫైలును సీడీ చేసి, కంప్యూటరులో సరిచేశానని శెట్టిగారికి ఇచ్చాను. అందులో నేను ముట్టుకున్నది ఒక్క స్వరం కూడా లేదు. నాటకానికి ముందు మైకులో నా పేరు చదివారు, సంగీతం అని. నటులు సీడీ వెంట పరుగెత్తి పద్యాలు పాడారు, రాగం తప్పినవాణ్ణి వెనక్కి తేవడానికి అక్కడ ఎవరూ లేరు. మామ కూడా వచ్చి జనంలో కూర్చుని విన్నాడు. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, నా చేతిని మిషన్లో బాగుచేసినావు అబ్బయ్యా అని రెండు చేతులూ జోడించాడు. నేను తిరిగి దండం పెట్టాను. ఛీ, ఎట్లా పెట్టగలిగానో.

ఒంగోలులో డాక్టరు పరీక్ష చేసి జబ్బేమీ లేదన్నాడు. డాక్టరుకు కనపడలేదు, నీ మిషనుకు కనపడింది అని మామే నాతో చెప్పాడు. హార్మోనియం ఎవరికో ఇచ్చేశాడు. ఆ చెయ్యి ఒక్కనాడు కూడా వణకలేదు.

పోయిన నెల గిద్దలూరు వెళ్లాను. రెండు ఫైళ్లూ ఫోనులో వేసుకున్నాను. ఒకటి తర్వాత ఒకటి వినిపించి, మార్చింది నేనే అని చెబుదామని. వాకిట్లోనే ఆయన కోడలు చెప్పింది. “మామకు రెండేళ్లుగా వినపడదన్నా. చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పాల.” మామ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒలుకుతుందేమోనని. పక్కన ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎదురింటి అరుగు మీద ఇంకో ముగ్గురు.

ఫోను వినిపించి లాభం లేదు. ఇక నోటితో చెప్పడమే మిగిలింది. చెప్పాలంటే వీధంతా వినబడేలా అరవాలి. నీ చెయ్యి బాగానే ఉంది, నేనే పాడుచేశాను అని.

బాగుండావా మామా అని అరిచాను. అంతకుమించి అరవలేకపోయాను. ఆయన నవ్వుతూ తల ఊపాడు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇక్కడ అరవాల్సిన పని లేదు. మెల్లగా రాసేశాను. గుండె మీద బరువు కాస్త తగ్గింది, ఆ మాట దాచను. ఆయన మాత్రం ఈపాటికి ఆ అరుగు మీదే కూర్చుని, రెండు చేతులతో టీ తాగుతుంటాడు.